పెరట్లో కడియం

మా ఇంట్లో ఎండాకాలం వచ్చిందని మొదట చెప్పేది సైకిల్ షెడ్డు రేకు. పెరట్లో మామిడికాయ రాలి దాని మీద ఠప్పుమనేది. ఆ పూట పప్పులో మామిడికాయ పడాల్సిందే.

అమ్మ కాయ తొక్కు తీయదు. ముక్కల్ని పప్పుతో కలిపి కుక్కర్లో పెట్టదు కూడా. పులుపు తగిలితే పప్పు బద్ద ఉడకదని వాటిని విడిగా గిన్నెలో మగ్గించి, పప్పు మెత్తబడ్డాక కలుపుతుంది. పోపులో మెంతులు లెక్కపెట్టినట్టు నాలుగు గింజలు. పక్కన కిందటేడు ఎండబెట్టిన ఊరమిరపకాయలు. టెంక మాత్రం నాన్నది. దాని మీద ఇంకెవరం ఆశ పెట్టుకోకూడదు.

నాన్న ‘ఏ’ షిఫ్టు దిగి రెండున్నరకి వచ్చేవారు. ‘మా ఆయన గోదావరిలో పనిచేస్తున్నారు’ అని అమ్మ రాస్తే, కోనసీమలో మా అమ్మమ్మ చాన్నాళ్లు లాంచీ మీద ఉద్యోగమనుకుందిట. విశాఖ ఉక్కునగరంలో గోదావరి అంటే బ్లాస్ట్ ఫర్నేస్. 1990లో వెలిగించిన మొదటిది. రెండోది కృష్ణ, మూడోది అన్నపూర్ణ. ఇనుము కరిగే కొలిమికి అన్నం పెట్టే తల్లి పేరు పెట్టినవారెవరో గాని, షిఫ్టు దిగొచ్చే మనిషి ఆకలి తెలిసినవారే అయ్యుండాలి.

రాగానే రెండు గ్లాసుల పల్చటి మజ్జిగ. ఆ తర్వాతే కంచం. టెంక చీకుతూ నాన్న చరిత్ర మొదలుపెట్టేవారు. ఉక్కు ఫ్యాక్టరీ కోసం 1966 ఉద్యమం, అమృతరావుగారి నిరాహారదీక్ష, కాల్పుల్లో పోయిన 32 మంది, 1971లో బాలచెరువు దగ్గర ఇందిరాగాంధీ వేసిన శంకుస్థాపన రాయి, 1992లో పీవీ జాతికి అంకితం చేయడం. ఈ ప్లాంటు కోసం ఎవరెవరు ఏమేం ఇచ్చారో ఆయన దగ్గర పక్కా లెక్క ఉండేది. టెంక తెల్లబడేదాకా చెప్పేవారు.

ఆ 1992లోనే మాకు క్వార్టరు వచ్చింది. చెట్టు అప్పటికే ఉంది. మాను మీద నడుమెత్తున ఒక ఇనప కడియం, బెరడు దాన్ని సగం మింగేసింది. క్వార్టర్లు కట్టేటప్పుడు కాంట్రాక్టరు సామాను కట్టుకోడానికి కొట్టుంటాడని నాన్న తేల్చేశారు. అమ్మ దానికి దండెం కట్టింది. గిన్నెలు కడిగిన నీళ్లూ బియ్యం కడుగూ చెట్టుకే పోసింది. రెండో ఏడు నుంచి ‘మా చెట్టు’ అంది. నాలుగో ఏడొచ్చేసరికి ‘నా చెట్టు’.

2018 వేసవి. నాన్న రిటైరయ్యే ఏడు. క్వార్టరు ఖాళీ చేయాలి. కూర్మన్నపాలెంలో ఫ్లాటు చూసుకున్నాం. మూడో అంతస్తు. ఆవకాయ జాడీలు ఎక్కడ పెట్టాలో అప్పటికే ఖాయమైంది గాని, చెట్టు సంగతి ఇంట్లో ఎవరం ఎత్తడంలేదు.

ఆ రోజు అమ్మ చేతిలో పోపుగరిట ఉండగానే రేకు మీద ఠప్. వెనకే పెరటి గేటు గడియ చప్పుడు. ఏటా ఈ రోజుల్లో ఒక్కసారి కనబడే ముసలావిడే, అగనంపూడి నుంచి వస్తుంది. రాలిన కాయలే ఏరుకుంటుంది, కొమ్మ మీద చెయ్యి వెయ్యదు. మామూలుగా అయితే అమ్మ ఒక్క కసురు కసిరి వదిలేసేది. ఆ ఏడు వదల్లేదు.

“అడిగితే ఇవ్వనా? అడక్కుండా లోపలికి రావడమేంటి? వచ్చే నెల మేం వెళ్లిపోతాం, ఆ తర్వాత ఎవరొస్తే వాళ్లనడుక్కో. ఇరవయ్యారేళ్లు బిడ్డలా సాకిన చెట్టు. దీన్ని వదిలి పొమ్మంటే కడుపులో ఎలా ఉంటుందో నీకేం తెలుస్తుందిలే!”

అమ్మ గొంతు పూడుకుపోయింది. గరిట చివర్నించి నూనె బొట్టు గచ్చు మీద పడింది.

ముసలావిడ ఒళ్లో కాయలు ఒక్కొక్కటే తీసి తులసికోట గట్టు మీద పెట్టింది. నాలుగే. చెట్టు దగ్గరికి నడిచి, దండెం మీది తడి తువ్వాలు పక్కకి జరిపి, చూడకుండానే కడియంలోకి వేలు పోనిచ్చింది. బెరడు మింగగా మిగిలిన సందులో ఒక్క వేలే పడుతుంది.

“మా ఊరు ప్లాంటులో పోనాది తల్లీ. పెల్లయి అత్తోరింటికొచ్చిన ఏడు ఈ సెట్టు నానే ఏసినాను. ఈ కడియానికే గేదిని కట్టీవోలం.”

కొంగు దులుపుకుంది.

“ఎలిపోయిననాడు గేదినైతే ఇప్పుకున్నాం. సెట్టునే ఇప్పుకోనేకపోనాం.”