కొడుకుని నమ్మకండి, కరెంటుని నమ్మకండి

ఎప్పటికైనా మళ్లీ లేస్తామన్న ఆశతో దేహాన్ని చలిలో దాచుకోవాలనుకునేవారు ఇంట్లో ఫ్రీజర్ ఆలోచన మానుకోండి. ఫ్రాన్స్‌లో రేమండ్ మార్టినో అనే వైద్యుడు 1984లో పోయిన భార్యను నేలమాళిగలో ఫ్రీజర్లో పెట్టుకున్నాడు. 2002లో ఆయన పోయాక కొడుకు ఆయన్నీ అక్కడే ఉంచాడు. 2006లో యంత్రం చెడిపోయి లోపలి ఉష్ణోగ్రత మైనస్ 20కి పెరిగిపోయింది. ఇద్దరినీ దహనం చేయాల్సి వచ్చింది.

ద్రవ నైట్రోజన్ అడగండి. మైనస్ 196 డిగ్రీలు, ప్లగ్గుతో పనిలేదు. థర్మాస్ తరహా స్టీలు పాత్రలో ఆవిరైనంత మళ్లీ పోస్తూ ఉంటే చాలు. పోసే మనిషి మానేస్తేనే ముప్పు. కాలిఫోర్నియాలోని చాట్స్‌వర్త్ శ్మశానంలో బంధువుల డబ్బు ఆగిపోయి, దాచిన దేహాలు కరిగి కుళ్లిపోయాయి. 1979లో సంగతి బయటపడింది. 2018లో క్లీవ్‌లాండ్‌లోని ఒక సంతాన చికిత్సా కేంద్రంలో నైట్రోజన్ పాత్ర వేడెక్కినా అలారం ఆపేసి ఉండడంతో 4,000కు పైగా అండాలు, పిండాలు పాడయ్యాయి. అందుకే చెబుతున్నాను, పోసే చెయ్యి ఆగకుండా ఉండాలంటే మనవల చదువుకని దాచిన సొమ్ముని ఇటు మళ్లించండి. వాళ్లు సంపాదించుకోగలరు, నైట్రోజన్ సంపాదించుకోలేదు.

అరిజోనాలో దేహాలు భద్రపరిచే ఆల్కార్ అనే సంస్థలో దేహాన్ని తలకిందులుగా నిలబెడతారు. నైట్రోజన్ తగ్గితే ముందు పాదాలు కరగాలి, మెదడు చివరిదాకా నిలవాలి. ఈ ఏర్పాటు చూశాక నాకు కాళ్లూ చేతుల మీద మమకారం పోయింది. ఏళ్ల తరబడి అక్కడ పూర్తి దేహానికి 2 లక్షల డాలర్లు, తల ఒక్కదానికి 80 వేలు తీసుకునేవారు. తలే ఇవ్వండి.

ఒంట్లో ఓపిక ఉండగానే ఇల్లమ్మి ఆల్కార్ ఉన్న ఊరికి, స్కాట్స్‌డేల్‌కి, మారిపోండి. గుండె ఆగిన మరుక్షణం ఐసు నీళ్లలో దించి, రక్తం తీసి, మంచు స్ఫటికాలు కట్టకుండా కాపాడే ద్రావణం ఎక్కించాలి. పోస్టుమార్టమూ వద్దు, చివరి చూపుకోసం ఎదురుచూపులూ వద్దు. ఏడుపు ఆ తర్వాత ఏడవమని ఇంట్లోవాళ్లకి ఇప్పుడే గట్టిగా చెప్పండి.

ఇంతవరకూ ఒక్కరూ లేవలేదు, నిజమే. కానీ 1967 జనవరి 12న భద్రపరచిన మానసికశాస్త్ర ఆచార్యుడు జేమ్స్ బెడ్‌ఫర్డ్ ఇప్పటికీ ఆల్కార్‌లో ఉన్నాడు. ఆ రోజుల్లో ఇప్పటి ద్రావణాలు లేవు. మధ్యలో కొన్నేళ్లు కుటుంబమే ఆయన్ని కాపాడింది. అలాంటి కుటుంబం మీకు ఉంటుందనుకోకండి. ఒప్పందం మీద సంతకం మీరే పెట్టండి, ఈ ఏడే పెట్టండి.