లైటేస్తే పోయేదానికి...

2011లో అమెరికా థియేటర్లకొచ్చిన హారర్ సినిమా 'డోంట్ బి అఫ్రెయిడ్ ఆఫ్ ది డార్క్'కి గియెర్మో డెల్ టోరో నిర్మాత, సహరచయిత. ఆ పేరు చూసి గుండె చిక్కబట్టుకుని కూర్చుంటే, నేలమాళిగలోని బూడిద గుంతలోంచి ఎలుకలంత జీవాలు బిలబిలమంటూ వచ్చాయి. వాటికి పిల్లల పళ్లంటే ప్రాణం, వెలుతురంటే హడల్. పాపం, శాలీ అనే పసిది పోలరాయిడ్ ఫ్లాష్ కొట్టి కొట్టి అలసిపోతుంది. నాన్నేమో పేరుకి ఆర్కిటెక్టు. ధ్యాసంతా తన బంగళా ఫొటో 'ఆర్కిటెక్చరల్ డైజెస్ట్' అట్ట మీదకి ఎక్కించడం పైనే. గదికో ట్యూబులైటు బిగించి ఉంటే ఇంటర్వెల్లోపే శుభం కార్డు పడేది! 

పైగా దీనికి 'ఆర్' సర్టిఫికెట్టొకటి. అంటే పదిహేడేళ్ల లోపు వాళ్లు పెద్దల్ని వెంటబెట్టుకుని రావాలట. మధ్యలో కునుకు పడితే తట్టి లేపడానికి కాబోలు!