ఇరవై పౌండ్ల గాండీవం

తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో పద్దులు రాసి రిటైరైన ఓ పెద్దమనిషికి విల్లు కొనాలని బుద్ధి పుట్టింది. అదీ వేట విల్లు. అమెరికా అల్లుడు పంపిన ఫొటోలే దీనికంతటికీ మూలం. అక్కడ కొన్ని రాష్ట్రాల్లో జింకను కొట్టాలంటే విల్లు బరువు కనీసం 40 పౌండ్లుండాలి. బరువంటే తూకం కాదు, నారి లాగేటప్పుడు వేళ్ల మీద పడే గరిష్ఠ భారం. అల్లుడు 40 లాగితే మావగారు 50 లాగకపోతే పరువేముంటుందని ఈయన బాధ.

ఏలూరు బావమరిది ఆరా తీశాడు. "ఇంతకీ దేన్ని కొడతావు బావా?"

"కొల్లేట్లో పక్షులకేం కరువురా?"

పక్షులకే కాదు, చట్టాలకూ కరువు లేదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 నాటిది. కొల్లేరులో +5 కాంటూరు దాకా 308 చదరపు కిలోమీటర్లు 1999 నుంచి అభయారణ్యం. 2002లో రామ్‌సర్ జాబితాలోకీ ఎక్కింది. అక్కడి ఆటపాక గూడబాతుకున్న కాపలా గూడెం గోడౌన్లో ఉల్లి బస్తాకు కూడా లేదు. బాణం ఎక్కుపెట్టిన మనిషి పింఛను జైల్లోనే అందుకోవాలి.

"పోనీ బుట్టాయగూడెం వైపు వెళ్తే?" అన్నాడాయన. అడవిలోనూ చట్టం అదే. అక్కడి కోయలు, కొండరెడ్లు తరతరాలుగా వెదురు చెక్కి, ఎవరి చేతికి తగ్గ విల్లు వాళ్లే చేసుకున్నారు. పూర్వం కోయల భూమి పండక్కి మగవాళ్లంతా వేటకు వెళ్లేవారు. ఉత్త చేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడ నీళ్లతో ఎదురొచ్చేవారని చెబుతారు. ఈ ముక్క వినగానే పెద్దాయనకు జీవకారుణ్యం పొంగుకొచ్చింది. వేట మానేశాడు. గురి చూసి కొట్టడానికి అట్టముక్క చాలన్నాడు.

బావాబావమరుదులు విజయవాడ బండెక్కారు. విలువిద్యకు ఈ చుట్టుపక్కల పెద్ద దిక్కు అదే మరి. ఐదేళ్లు నిండకుండానే కృష్ణ ఈదిన జ్యోతి సురేఖది ఆ ఊరే. 2023లో హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్ విల్లుతో మూడు స్వర్ణాలు తెచ్చింది. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో రికర్వ్ విల్లుతో మిక్స్‌డ్ టీమ్‌లో నాలుగో స్థానం దాకా వెళ్లిన ధీరజ్‌దీ ఆ ఊరే.

"50 పౌండ్లది చూపించండి," అన్నాడాయన అక్కడి శిక్షణ కేంద్రంలో కోచ్‌తో, చొక్కా చేతులు మడుస్తూ. "అంటే 23 కిలోలేగా! మా ఉల్లి బస్తాలో సగం కూడా లేదు."

కోచ్ నవ్వలేదు. "బస్తా మీరు మోశారా, లెక్క రాశారా అండీ?"

కాంపౌండ్ విల్లుకు కప్పీలుంటాయి. పూర్తిగా లాగాక భారంలో 65 నుంచి 80 శాతం అవే మోస్తాయి. 60 పౌండ్ల విల్లయినా చేతికి మిగిలేది 12 నుంచి 21 పౌండ్లే. జింక చెట్టు చాటు నుంచి తీరిగ్గా బయటికొచ్చేదాకా లాగి పట్టుకోవచ్చు గనక వేటగాళ్లకు అదంటే మోజు. కప్పీలు లేని రికర్వ్‌లో ఆ వెసులుబాటు లేదు. ఎంత లాగితే అంతా మన భుజాల ఖర్చే.

ముందు టేపు తీశారు. చేతులు బార్లా చాపి, ఈ కొస నుంచి ఆ కొసకు అంగుళాల్లో కొలిచి, రెండున్నరతో భాగిస్తే లాగే పొడవు ఉజ్జాయింపుగా తేలుతుంది. పెద్దాయనకు 68 అంగుళాలు, అంటే 27 పైచిలుకు. దానికి 68 అంగుళాల విల్లు సరిపోతుంది. విల్లు మీద రాసే పౌండ్లు 28 అంగుళాల లెక్కన వేసినవి. అంగుళం తగ్గితే రెండు పౌండ్ల దాకా తగ్గుతుంది.

తర్వాత కన్ను. రెండు చేతుల మధ్య చిన్న కంత చేసి, అందులోంచి గోడ గడియారం చూస్తూ ఒక్కో కన్నూ మూయమన్నారు. ఎడమ కన్ను మూస్తే గడియారం మాయమైంది. అంటే గురి ఎడమ కన్నుది. పుట్టినప్పటి నుంచీ కుడిచేత్తో అన్నం తిన్న మనిషికి ఎడమచేతి విల్లు అంటగట్టారు.

చివరికి బలం. 34 పౌండ్లది లాగి అరనిమిషం ఆపమన్నారు. పది లెక్కపెట్టేలోగా మోచెయ్యి శంకరాభరణంలో గమకాలు మొదలెట్టింది. 20కి దిగాక గానీ చెయ్యి నిలవలేదు.

"విప్పదీసే విల్లు తీసుకోండి. రైజర్, అంటే నడిమి పిడి, మీకు శాశ్వతం. బలం పెరిగాక లింబ్స్, అంటే పైనా కిందా ఉండే బద్దలు, మార్చుకుంటే సరి," అని కోచ్ ఊరడించాడు. మే నెలలో కారు డిక్కీలో పెట్టి మర్చిపోతే ఆ లింబ్స్ పొరలు ఊడతాయని, బాణం లేకుండా నారి లాగి వదిలితే విరిగినా విరుగుతాయని హెచ్చరించాడు.

గూడెం స్టేషన్లో దిగుతుంటే ఎదురింటాయన తగిలాడు. సంచిలోకి తొంగిచూసి, లింబ్ మీద 20 అంకె చదివాడు.

"పిల్లలకా అండీ?"

"మనవడికండీ," అన్నాడు పెద్దాయన తడుముకోకుండా.

మనవడు డాలస్‌లో ఇంకా బోర్లా పడలేదు.