పేజ్.పీడీఎఫ్ సూత్రానికి టీకా తాత్పర్యం, కోర్పనా సాత్‌బారా సహితం

మూలం: అవెయిట్ పేజ్.పీడీఎఫ్({ ఫార్మాట్: 'ఏ4', ప్రింట్‌బ్యాక్‌గ్రౌండ్: ట్రూ })

అవతారిక: 1956 వరకు హైదరాబాద్ రాష్ట్రపు ఆదిలాబాద్ జిల్లాలో ఉండి, రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణతో నేటి మహారాష్ట్ర వైపు చేరిన రాజురా ప్రాంతంలోనిది కోర్పనా. అక్కడి తెలుగు రైతుకు పహాణీ స్థానంలో దక్కినది మరాఠీ సాత్‌బారా. అనగా హక్కులు తెలిపే 7వ నమూనా, పంటలు తెలిపే 12వ నమూనా కలిసిన పత్రం. అది వెబ్ పుటగా కనబడుతున్నందున దానిని ఫైలుగా మార్చే సూత్రానికి వ్యాఖ్య అవసరమైంది.

టీక: పేజ్ = 2017లో వెలువడిన పప్పెటీర్ అనే సాధనం, క్రోమ్ బ్రౌజరును తెర లేకుండా నడిపి తెరిచిన పుట; పీడీఎఫ్ = 1993లో అడోబీ ప్రవేశపెట్టగా 2008లో అంతర్జాతీయ ప్రమాణమైన ఫైలు రూపం; ఫార్మాట్ ఏ4 = 210 × 297 మిల్లీమీటర్ల కాగితం (చెప్పకుంటే అమెరికా వారి లెటర్ కొలతే వచ్చును); ప్రింట్‌బ్యాక్‌గ్రౌండ్ ట్రూ = వెనుక రంగులను సైతం అచ్చువేయుము; అవెయిట్ = పని ముగియువరకు ఆగుము.

తాత్పర్యం: తెరిచిన పుటను ఏ4 కాగితాలుగా, రంగులతో సహా పీడీఎఫ్‌గా మార్చి, అది పూర్తయ్యాకనే ముందుకు సాగుము.

విశేషం: అవెయిట్ ఉన్నది కదా అని నిశ్చింతగా ఉండరాదు. అది ఫైలు తయారీకి ఆగునే గాని, పుటలోకి సర్వరునుంచి ఆలస్యంగా వచ్చే పంటల వరుసలకు ఆగదు. కనుక ఆ వరుసలు కనబడేదాకా వేచి ఉండే మరొక ఆజ్ఞ ముందుగా లేకపోతే, పత్తి వేసిన రైతుకు గీతలు మాత్రమే గల ఖాళీ పట్టిక దక్కును. కోడు నడిచే యంత్రంలో దేవనాగరి ఫాంటు లేనిచో అక్షరాలన్నీ డబ్బాలగును; తెలుగుకూ ఇదే గతి, ఈ విషయంలో యంత్రానికి భాషాభేదం లేదు.

ఆక్షేపం: ఇట్లు చేసిన ఫైలును బ్యాంకుకు చూపి పంట రుణం అడుగరాదా?

సమాధానం: ఉచితంగా కనబడే సాత్‌బారా సమాచారానికి మాత్రమే. రుసుము చెల్లించి దించుకొనే ప్రతిలో డిజిటల్ సంతకం ఉండును. అది కంటికి కనబడే ముద్ర కాదు, ఫైలులోని బైట్ల నుంచి లెక్కకట్టి అందులోనే పొదిగిన గుర్తు. ఆ ప్రతిని తెరిచి మళ్లీ ప్రింటు ద్వారా కొత్త పీడీఎఫ్ చేసినచో ముద్ర నిలుచును, సంతకం పోవును. దించుకొన్న ఫైలును ఉన్నదున్నట్లు పంపడానికి కోడుతో పనిలేదు. ప్రోగ్రామర్లకు రుచించని సమాధానమే ఇది.