ఫారం మామ

ఊరు దాటాక తూర్పు పడమరలుగా పొడుగాటి రేకుల షెడ్డు, దానికి వేలాడే పరదాలు, గాలి ఇటు మళ్లినప్పుడల్లా ముక్కు మూయించే వాసన. ఈ మూడూ ఉన్నాయంటే అక్కడొక ఫారం మామ ఉన్నట్టే. సిద్దిపేట వైపు పోయినా, షాద్‌నగర్ వైపు పోయినా దొరుకుతాడు. ఉన్న రెండెకరాల చెలకలో ఓ మూల షెడ్డు వేసి, 5,000 కోళ్లకు పెద్దదిక్కయినవాడు.

ఆ కోళ్లు ఈయనవి కావు. పిల్ల కంపెనీది, మేత కంపెనీది, మందు కంపెనీది. షెడ్డు, నీళ్లు, కరెంటు బిల్లు, బ్యాంకు అప్పు మామవి. నిద్రపట్టని రోగం కూడా మామదే. కోడి ఎదిగాక కిలోకి ఇంతని పెంపకం కూలి చేతిలో పెడతారు. అయినా మామ నోట ఎప్పుడూ "నా పిల్లలు" అనే మాటే. కొడుకు ఏ క్లాసంటే అత్త వైపు చూస్తాడు గానీ, షెడ్డులో పిల్లల వయసు మాత్రం రోజులతో సహా చెబుతాడు.

అట్టపెట్టెల్లో పిల్లలు దిగిన వారం మామ మనలోకంలో ఉండడు. ఒక్కోటి 40 గ్రాములుంటుందేమో, వాటికి తల్లి లేదు, బల్బులే తల్లి. బల్బు కింద కుప్పపడితే చలి, దూరంగా పోయి నోళ్లు తెరిస్తే వేడి. ఊక మీద సమంగా పరుచుకుని సన్నగా కిచకిచలాడాయంటేనే మామ బయటికొచ్చి బీడీ ముట్టిస్తాడు. కరెంటు పోయిందా, వెచ్చదనం కోసం ఒకదాని మీదొకటి ఎక్కి అడుగున ఉన్నవి ఊపిరాడక పోతాయి. అందుకే లైన్‌మన్ కూతురి పెళ్లిలో మామ చదివించిన కట్నం సొంత మేనకోడలికి కూడా చదివించలేదు. ఈ సంగతి అత్త పండగ పండగకీ గుర్తుచేస్తుంది.

పలకరింపులూ మారిపోయాయి. ఊళ్లో ఎవరూ "మంచిగున్నవా?" అనరు. "ఎన్ని పోయినయ్ మామా?" అంటారు. మూడంటే మంచి రోజు. ముప్పై అంటే ఇక ఆ పూట మామతో మాట్లాడకూడదు. ఏప్రిల్, మే నెలల్లో మరీను. అమ్మకానికొచ్చిన బరువు కోడి మధ్యాహ్నపు ఎండకు నిలబడ్డచోటే కూలిపోతుంది. అందుకని పగలు మేత ఎత్తేసి, గోనె సంచులు తడిపి కట్టి, రేకుల మీద స్ప్రింక్లర్ తిప్పుతాడు. అత్త పడుకునే ఇల్లూ రేకులదే. దానికి స్ప్రింక్లర్ లేదు.

లోకంలోని సమస్త జీవులనూ మామ కొలిచేది ఎఫ్‌సీఆర్‌తోనే. కిలో కోడి తయారు కావడానికి ఎన్ని కిలోల మేత పట్టిందన్న లెక్క అది. కిలోన్నర పైచిలుకుతో అయితే కంపెనీ మెచ్చుకుంటుంది, రెండు దాటితే కూలి తెగ్గోస్తుంది. ఓ పెళ్లి బంతిలో ఎదురుగా కూర్చున్న సన్నపాటి వియ్యంకుణ్ణి నాలుగోసారి అన్నం వడ్డించేదాకా గమనించి, పక్కవాడి చెవిలో ఊదాడు: "మేత మస్తు ఎక్కుతున్నది గని బరువొస్తలేదు. నట్టల మందు తాపమనుండ్రి."

2020 ఫిబ్రవరిలో కోడి తింటే కరోనా వస్తుందని పుకారు లేచినప్పుడు, హైదరాబాదులో మంత్రులు వేదికెక్కి చికెన్ తిని చూపించారు. మామ టీవీ ముందు నుంచి కదల్లేదు. భయం పోయిందా అని అడిగితే, "బొక్కకు కండ ఇడిసిపెట్టిండ్రు" అని నొచ్చుకున్నాడు.

షెడ్డులోకి బయటివాళ్లకు ప్రవేశం లేదు. బావమరిదైనా మందునీళ్లలో కాళ్లు ముంచాల్సిందే. ఇంట్లో నాటుకోళ్లు పెంచకూడదని కంపెనీ వాళ్లది ఇంకో షరతు. వాటి నుంచి కొక్కెర తెగులు అంటుకుంటుందని. షరతు సబబైనదే, కానీ అత్తకు నాలుగు పెట్టలున్నాయి. ఎదగగానే లారీ ఎక్కిపోయే షెడ్డు కోళ్ల మీద ఆమెకేమీ మమకారం లేదు. "నీయి కంపెనీయి, నాయి నాయి" అని ఒక్క ముక్కలో తేల్చేసింది.

సూపర్‌వైజర్ బండి చప్పుడు వినగానే పెట్టల్ని గంప కింద కమ్మి, పైన చీర ఆరేస్తుంది. మొన్న ఆ కుర్రాడు చనిపోయిన కోళ్ల లెక్క రాసుకుంటుండగా, సరిగ్గా అప్పుడే గుడ్డు పెట్టిన పెట్ట గంప కింద నుంచి ఊరంతా వినేలా కొక్కొక్కొమంది.

మామ ముఖాన నెత్తురు చుక్క లేదు. "మా ఇంటిదాని ఫోను సారూ, గట్లనే మోగుతది" అన్నాడు.

సూపర్‌వైజర్ తలెత్తకుండా లెక్క పూర్తిచేసి, పెన్ను జేబులో పెట్టుకున్నాడు.

"అత్తా, ఆ ఫోను పెట్టిన గుడ్లుంటే ఓ డజను కట్టియ్యి. మా ఇంట్ల పిల్లలు ఫారం గుడ్డు ముడుతలేరు."