భయాల పంపకం

మా వంశంలో భయాలకు కొదవ లేదు. పంపకాల్లోనే తేడా వచ్చింది. ఒకరికి రావలసిన భయం ఇంకొకరి వాటాలో పడింది. మా బాబాయి సిగరెట్టుకు భయపడాలి. ఆయన ఫ్రిజ్ నీళ్ళకు భయపడతాడు. మా పిన్ని యాసిడ్‌కు భయపడాలి. ఆవిడ బొద్దింకకు భయపడుతుంది. నేను మిట్టమధ్యాహ్నపు ఎండకు భయపడాలి. పెళ్ళికి వెళ్ళకపోతే చుట్టాలు ఏమనుకుంటారోనని భయపడి ఆ ఎండలోనే బయల్దేరతాను.

గుంటూరులో ఒకే ఇల్లు. కింద వాళ్ళు, పైన మేము. అందుచేత ఎవరి ప్రమాదం వాళ్ళ దగ్గరే పడి ఉండే సౌకర్యం లేదు. బాబాయి పొగ మెట్లెక్కి పైకొస్తుంది. పిన్ని ఫినాయిల్ వాసన దానికన్నా ముందే వచ్చి కూర్చుంటుంది.

బాబాయి పుట్టింది రెంటచింతలలో. ఎండాకాలం ప్రాంతీయ వార్తలు విన్నవాళ్ళకు ఆ ఊరి గురించి వేరే చెప్పక్కర్లేదు. అక్కడివాళ్ళకు ఎండ విపత్తు కాదు, పిత్రార్జితం. గుంటూరులో నలభై నాలుగు దాటిందని మేం కిటికీలకు తడిగుడ్డలు కట్టుకుంటుంటే, ఆయన బనీనుతో అరుగు మీద కూర్చుని "ఇదీ ఒక ఎండేనట్రా?" అని పెదవి విరుస్తాడు. రామగుండంలోనో కొత్తగూడెంలోనో ఇంకో డిగ్రీ ఎక్కువ నమోదైందని టీవీలో చెప్పిన రోజు ఆయనకు అన్నం సయించదు.

జేబులో ఉల్లిపాయ ఉంటే వడదెబ్బ తగలదన్నది ఆయన సిద్ధాంతం. చొక్కా జేబులో ఉల్లిపాయ సన్నగా ఉడికే ఆ వాసనకు బస్సులో పక్క సీటు ఖాళీ అవుతుంది, గాలి ఆడుతుంది, ఆ మేరకు సిద్ధాంతం నిజమే. నేను చదువుకున్నవాణ్ణి కనక ఊరుకోలేక చెప్పాను: "బాబాయ్, ఒంటికి చల్లదనం చెమట ఆరితే వస్తుంది, కారితే కాదు. మీ రెంటచింతల పొడి ఎండలో చెమట ఇట్టే ఆరిపోతుంది. అదే మచిలీపట్నం ఉక్కలో అయితే, థర్మామీటరు ముప్పై ఎనిమిదే చూపించినా చెమట ఆరదు, వేడి ఒంట్లోనే ఉండిపోతుంది. ఆ ఉక్క మీ ఎండకేమీ తీసిపోదు." బాబాయి రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆరోగ్యం సంగతి వేరు, ఊరి పరువు సంగతి వేరు.

మన పెళ్ళిళ్ళ సంగతి ఇంకో రకం. మే నెల, పగటి ముహూర్తం, రేకుల షెడ్డు ఫంక్షన్ హాలు. పెళ్ళికొడుక్కి మెడదాకా బొత్తాలున్న షేర్వాణీ. ఊరేగింపులో గుర్రానికి గొడుగు పట్టినవాళ్ళున్నారు గానీ పెళ్ళికొడుక్కి మంచినీళ్ళిచ్చినవాడు లేడు. ఫొటోలో గ్లాసు పడుతుందట. ఇలాంటి చోటే గమనించాలి. ఒళ్ళు కాలిపోతూ, అడుగులు తూలి, పొంతన లేకుండా మాట్లాడుతుంటే అది పెళ్ళి కంగారు కాదు, వడదెబ్బ. ఒంటి వేడి 104 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిపోయిందన్నమాట. అప్పుడు ప్రతి పెళ్ళిలోనూ ఉండే ఆ పెద్దాయన జేబులోంచి జ్వరం మాత్ర తీస్తాడు. అది పనిచేయదు. జ్వరంలో వేడి పెంచమని మెదడే ఆజ్ఞ వేస్తుంది, మాత్ర ఆ ఆజ్ఞను రద్దు చేస్తుంది. వడదెబ్బలో ఆజ్ఞ ఎవరూ వేయలేదు, మనిషే కాగిపోయాడు. నీడకు చేర్చి, బొత్తాలు విప్పి, ఒళ్ళంతా తడిపి, ఫ్యాను తిప్పి, 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్ళు పోయకూడదు. 2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వెయ్యిమందికి పైగా ఎండకు పోయారు. వాళ్ళలో చాలామంది రెక్కాడితే గానీ డొక్కాడని కూలీలు, ముసలివాళ్ళు. వాళ్ళకు ఎండలోకి వెళ్ళక తప్పదు. మనకు తప్పుతుంది, అయినా పట్టుచీర కట్టుకుని మరీ వెళ్తాం.

మా అమ్మాయి సన్‌స్క్రీన్ రాసుకుంటుంది. ఎస్‌పీఎఫ్ 30 అయితే చర్మాన్ని కమిలించే కిరణాలను 97 శాతం ఆపుతుంది, 50 అయితే 98 శాతం. ఆ ఒక్క శాతం కోసం ఖరీదు పెట్టి కొని, ఖరీదైనది కదా అని కందిగింజంత రాసుకుంటుంది. బాబాయి అది చూసి, "పెరుగన్నం తిని మూతి కడుక్కోలేదేమే?" అన్నాడు. ఆ చర్చ అక్కడితో ముగిసింది.

ఇక పొగ. గుంటూరులో ఉండి సిగరెట్టు మానమని చెప్పడానికి ధైర్యం కావాలి. పొగాకు బోర్డు మా ఊళ్ళోనే ఉంది. ఒంగోలు వైపు వెళ్తే పొగాకు కాల్చే బ్యారన్లు. అటు రాజమండ్రిలో 1947లోనే పొగాకు మీద పరిశోధనకు కేంద్ర సంస్థ పెట్టారు. "ఒక పక్క బోర్డు పెట్టి పండించమంటారు, ఇంకో పక్క పెట్టె మీద పుండు బొమ్మేసి తాగొద్దంటారు. ముందు వాళ్ళూ వాళ్ళూ తేల్చుకోమనరా, తర్వాత నేను మానేస్తా" అంటాడు బాబాయి. కన్యాశుల్కంలో గిరీశం చుట్టకు పద్యాన్ని ప్రమాణంగా చూపించాడు. మా బాబాయి జిల్లా ఆర్థిక వ్యవస్థను చూపిస్తాడు.

పెట్టె మీద 85 శాతం మేర ఆ హెచ్చరిక బొమ్మ ఉండాలని 2016 నుంచి నిబంధన. బాబాయి పెట్టె కొనడు. కిళ్ళీకొట్టు దగ్గర లూజుగా ఒక్కొక్కటీ తీసుకుంటాడు. పొద్దస్తమానం ఆ బొమ్మ వంక చూస్తూ కూర్చునేది కొట్టతనే. పాపం, అతను మానేశాడు.

పొగ విషయంలో పిన్ని మాత్రం రాజీ పడదు. ఆవిడ అమ్మమ్మగారిది శ్రీకాకుళం తీరం. అక్కడ కొందరు ఆడవాళ్ళు అడ్డపొగ తాగేవారు. చుట్టను తిరగేసి, నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని పీల్చడం. పెదవి మూసే ఉంటుంది, నిప్పు లోపల ఉంటుంది, చేతులు పని చేసుకుంటూ ఉంటాయి. ఆ వేడికీ పొగకూ అంగిలి తెల్లబారి, పుండు పడి, కొందరికి క్యాన్సర్‌గా మారేది. ప్రపంచంలో అరుదైన అంగిలి క్యాన్సర్‌ను చూడాలంటే డాక్టర్లు మన ఉత్తరాంధ్రకు రావలసి వచ్చింది. ఆ అమ్మమ్మను తల్చుకుని పిన్ని బాబాయిని గేటు బయటికి పంపించింది. ఇప్పుడాయన మధ్యాహ్నం రెండింటికి, రోహిణి కార్తెలో, గేటు బయట నిలబడి సిగరెట్టు తాగుతాడు. జేబులో ఉల్లిపాయ ఉంటుంది.

ఇంత పట్టుదల ఉన్న పిన్ని, సాయంత్రం ఆరయ్యేసరికి కిటికీలన్నీ బిగించి మస్కిటో కాయిల్ వెలిగిస్తుంది. మూసిన గదిలో ఒక కాయిల్ పూర్తిగా కాలితే వచ్చే సన్నటి ధూళి, 75 నుంచి 137 సిగరెట్ల ధూళితో సమానమని 2003లో ఒక అధ్యయనంలో లెక్క కట్టారు. అది ధూళి లెక్కే గానీ సిగరెట్టులోని విషాలన్నిటి లెక్కా కాదని నేను స్పష్టంగానే చెప్పాను. బాబాయి ఆ రెండో వాక్యం వినలేదు. "విన్నావుటే! నా చేత ఒక్క రాత్రిలో పదమూడు పెట్టెలు తాగించావు. నా డబ్బులతో నేను ఒక్కటి తాగితే తప్పొచ్చిందీ?" అని ఇల్లంతా తిరిగాడు. ఆయన్నంత సంతోషంగా మనవడు పుట్టినప్పుడు కూడా చూడలేదు. దోమతెర కొన్నారు. అది మాత్రం మంచే జరిగింది.

అసలు సంగతి బాత్రూములో ఉంది.

మా వీధిలోకి ఒకాయన సైకిల్ మీద "యాసిడ్, ఫినాయిల్, బ్లీచింగ్" అని కేకేస్తూ వస్తాడు. యాసిడ్ కొనేవాళ్ళ పేరూ చిరునామా రాసుకోవాలని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆయన రాసుకోడు, ఆయనకు వీధిలో అందరి పేర్లూ తెలుసు. పాత కూల్‌డ్రింకు సీసాలో పోసి ఇచ్చేస్తాడు. మూత అదే, రంగు దాదాపు అదే, పైన కాగితం కూడా అదే. పిన్ని దాన్ని మెట్ల కింద, మూడేళ్ళ పిల్లాడి చేతికి సరిగ్గా అందే ఎత్తులో పెడుతుంది. పొరపాటున ఎవరైనా గుక్కెడు మింగితే, ఇంట్లో పెద్దవాళ్ళకు వచ్చే మొదటి ఆలోచన ఉప్పునీళ్ళు తాగించి కక్కించడం. అదే అస్సలు చేయకూడదు. దిగేటప్పుడు గొంతు కాల్చిన యాసిడ్, పైకొచ్చేటప్పుడు ఊరికే రాదు. నోరు కడిగించి, సీసా వెంట పట్టుకుని ఆస్పత్రికి పరిగెత్తడమే.

వాష్‌బేసిన్‌లో కలరా ఉండలు. తెల్లగా, గుండ్రంగా ఉంటాయి. పిప్పరమెంట్లు కావని చంటివాడికి ఎవరు చెప్పాలి? పుట్టిన పిల్లలకని ట్రంకుపెట్టెలో దాచిన పాత బట్టల్లోనూ అవే. కొందరు పసివాళ్ళకు పుట్టుకతోనే జీ-సిక్స్-పీడీ అనే ఎంజైము తక్కువగా ఉంటుంది. ఆ ఉండల ఆవిరి పట్టిన బట్టలు తొడిగితే వాళ్ళ ఎర్ర రక్తకణాలు విరిగిపోయి కామెర్లు ముదురుతాయి. పిల్లాడికి దిష్టి తగిలిందని మిరపకాయలు తిప్పేసేలోగా బట్టలు మార్చడం, డాక్టరుకు చూపించడం మేలు.

పిన్ని శుభ్రత సూత్రం ఒక్కటే: ఒకటి పోస్తే సగం క్రిములు చస్తాయి, రెండోది పోస్తే మిగతా సగం. ఆ లెక్కన ఒక ఆదివారం యాసిడ్ పోసి, మరక పోలేదని పైన బ్లీచింగ్ పౌడరు చల్లింది. బొద్దింక బయటికి పారిపోకుండా తలుపు కూడా వేసుకుంది. బ్లీచింగ్ పౌడరు యాసిడ్‌తో కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలో ఈప్ర్ దగ్గర జర్మన్ సైన్యం శత్రువుల మీదికి వదిలింది ఆ వాయువునే. కాకపోతే వాళ్ళు గాలివాటం చూసుకుని వదిలారు. మా పిన్ని తలుపేసుకుని వదిలింది.

దగ్గు విని నేను కిందికి పరిగెత్తేసరికి పిన్ని కళ్ళనీళ్ళతో బయటికొచ్చి మెట్ల మీద కూలబడింది. బాబాయి తలుపులూ కిటికీలూ బార్లా తెరుస్తున్నాడు. "ఇంకా నీళ్ళు పోసి కడుగుతా, ఆగు" అని లేవబోయింది పిన్ని. పట్టుకుని వీధిలోకి తీసుకుపోయాం. గాలి పూర్తిగా మారేదాకా ఆ గదిలోకి వెళ్ళకూడదు; ఆయాసం తగ్గకపోతే ఆస్పత్రికి వెళ్ళాలి. తగ్గింది. తగ్గగానే ఆవిడ అన్న మొదటి మాట: "బొద్దింక చచ్చిందా?"

చచ్చింది. ఆ విషయం దాచి ఉండాల్సింది.

తర్వాత వారం సీసాలన్నీ ముందేసుకుని కూర్చుని ఆవిడకు పాఠం చెప్పాను. టాయిలెట్ కడిగే చాలా సీసాల్లో ఉండేదీ యాసిడే, దాని పక్కన బ్లీచింగ్ పెట్టకు. బ్లీచింగ్‌ను అమ్మోనియా ఉన్న అద్దాల క్లీనరుతోనూ కలపకు, అదీ విషపు ఆవిరే. రోజువారీ నేలకు సబ్బునీళ్ళూ బ్రష్షూ చాలు. కిటికీ తీసి ఉంచు. అన్నిటికీ తల ఊపింది. నిజంగానే మారింది కూడా. నిన్న పొద్దున కిందికి వెళ్తే బాత్రూము తళతళలాడుతోంది, ఏ వాసనా లేదు.

"పిన్నీ, ఏం పోశావ్?"

"సబ్బునీళ్ళేరా, నువ్వు చెప్పినట్టే. మరకంతా పోయింది" అంది. "కానీ వాసన లేకపోతే కడిగినట్టే లేదు. అందుకని గుప్పెడు అగరొత్తులు వెలిగించి, పొగ పోకుండా తలుపేసి వచ్చాను. కాసేపాగి వెళ్ళు."