నవాబుగారి బల్ల, మన వన్ బై టూ

ఏం రా మనవడా, ఫలక్‌నుమా మహల్‌లో చాయ్ తాగొచ్చావట! ఆ గుట్ట కింది బస్తీలో పుట్టి పెరిగినవాణ్ని నేను. నాకే ఆ మహల్ కథలు చెప్తున్నావా?

మా రోజుల్లో దానికి ఎప్పుడూ తాళమే. లోపల ఏముందో చూసినవాడు లేడు కాబట్టి అందరికీ అన్నీ తెలుసు. నవాబు వికారుల్ ఉమ్రా 1884లో పునాది వేసి, కట్టీ కట్టీ అప్పులపాలయ్యాడనీ, ఆఖరికది ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా చేతికి పోయిందనీ, 101 మంది ఒకేసారి కూర్చుని తినే బల్ల ఉందనీ మా తాత చెప్పేవాడు. ఆయనా గేటు దాటిన పాపాన పోలేదులే. 2010లో అది హోటలయింది. ఇప్పుడు ఎదురొచ్చి సలాములు కొడతారట, బిల్లు కూడా తెస్తారట. మమ్మల్ని గేటు దగ్గరే పొమ్మనేవాళ్లు, కానీ అందుకు పైసా తీసుకునేవాళ్లు కాదు.

చాయంటే ఇరానీ హోటల్లో తాగాలి రా. మూలమలుపు మీద దుకాణం, పాలరాతి బల్ల, వన్ బై టూ చెప్పి, సాసర్‌లో పోసుకుని జుర్రుతూ పొద్దు గూకేదాకా రాజకీయాలు మాట్లాడినా గల్లా మీది సేటు లెమ్మనేవాడు కాదు. మొహం మాత్రం ముడుచుకునేవాడు. ఆ హోటళ్లు ఎన్నో ఇప్పుడు చెప్పుల షాపులూ సెల్‌ఫోన్ షాపులూ అయ్యాయి. నవాబుల ఇళ్లేమో హోటళ్లయ్యాయి. ఇదేం తిరకాసో!

మొజంజాహీ మార్కెట్టూ అంతే. 1935 నాటి రాయి, హాయిగా మసిబారి ఉండేది. కడిగి, లైట్లు పెట్టారు. ఇంత తెల్లగా ఉంటే గుర్తుపట్టేదెట్లా? అక్కడి ఐస్‌క్రీమ్ మాత్రం... సరే, దాని జోలికి వద్దు, డాక్టరు వద్దన్నాడు.

హోటల్ కాకపోతే ఆ మహల్ కూలిపోయేదంటావు. మలక్‌పేటలో మహబూబ్ మాన్షన్ చూశాను, అదీ పాషా పేరిట ఉన్నదే, అడిగే దిక్కులేక శిథిలమైంది. కాబట్టి నీ మాట నిజమే కావచ్చు. నిజమైనంత మాత్రాన ఒప్పుకోవాలని ఎక్కడుంది?

ఇంతకీ ఆ బల్ల చుట్టూ కుర్చీలు లెక్కపెట్టావా? తాత చెప్పింది నిజమో కాదో తేల్చే అవకాశం మన వంశంలో నీ ఒక్కడికే దొరికింది. నువ్వేమో కేకు మీద క్రీము గురించి చెప్తున్నావు!